అంజూర బార్లూ, అత్తయ్యగారి ప్రశ్నా

మా అత్తయ్యగారు నా ఓవెన్‌లోంచి వచ్చింది ఏదీ ముట్టుకోక రెండేళ్ళు దాటింది. కోపం కాదండీ. కోపమైతే బావుండేది. ఓ వారం ముభావంగా ఉండి మళ్ళీ మామూలైపోయేవారు. ఏం చేసి పెట్టినా "నాకొద్దమ్మా, మీరు తినండి" అని నవ్వుతూనే అంటారు. ఆ నవ్వే నన్ను కాల్చుకు తినేది.

తప్పు నాదే. మా అమ్మాయి ఇంజనీరింగ్ పూర్తయిన రోజున కేకు చేశాను. గుడ్డు వేశావా అని అత్తయ్యగారు అడిగారు. లేదండీ అన్నాను. ఆవిడ రెండు ముక్కలు తిని చాలా బావుందన్నారు. ఆ తర్వాత మా ఆడపడుచు కొలతలు అడిగితే నేనే వాట్సాప్‌లో పంపాను, "గుడ్లు మూడు" అని శుభ్రంగా రాసి. ఆవిడ అది వాళ్ళమ్మకి ఫోన్‌లో చదివి వినిపించింది. అంతే. ఎవరూ నన్నేమీ అనలేదు. ఆ రోజు నుంచీ అత్తయ్యగారికి నా ఓవెన్ వంట నిషిద్ధం.

మొన్న మే నెలలో మా అమ్మాయి సెలవులకి వచ్చింది. బోస్టన్ దగ్గర చదువుతోంది. పెట్టె విప్పి అందరికీ తెచ్చినవి పంచుతూ ఓ బిస్కెట్ల పొట్లం తీసింది. పైనా కిందా మెత్తటి పిండి పొర, మధ్యలో నల్లటి పండు ముద్ద. "అంజూర బార్లు మామ్మా. గుడ్డు లేదు, కావాలంటే అట్ట మీద చదువుతాను. అమ్మ చేత ఇవే క్రంబ్ బార్లలా చేయిస్తాను, పైన పొడిపొడిగా రాలుతూ ఉంటాయి, ఇంకా బావుంటాయి" అంది.

అత్తయ్యగారు ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పి చూశారు. "అంజూర అంటే మన అత్తిపండే కదుటే? మేడిపండు జాతి. పురుగులుండవూ?" అన్నారు.

అమ్మాయి పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. "ఉండవండీ" అనడానికి నోటిదాకా మాట వచ్చింది. మూడు గుడ్లు గుర్తొచ్చాయి. "తెలుసుకుని చెబుతానత్తయ్యగారూ" అన్నాను. ఆవిడ ఓ క్షణం నాకేసి చూసి, ఆ బార్ మళ్ళీ పొట్లంలో పెట్టేశారు.

ఆ తర్వాత నాలుగైదు రోజులు సాయంత్రాలు నేనూ అమ్మాయీ చదువుతూ కూర్చున్నాం. నేను తెలుగు బీఏ దాన్ని, సైన్సు ఇంటరుతోనే వదిలేసింది. అది ఇంగ్లీషులో చదివి చెబుతుంటే నేను నాకు తెలిసిన ముక్కలు కలుపుకుంటూ పోయాను. ఓ బిస్కెట్ కోసం మొదలుపెడితే పిఠాపురం, సామర్లకోట, కాలిఫోర్నియా అన్నీ తిరిగొచ్చాను.

ముందు పేర్ల సంగతి. మన కాలవ గట్ల మీద కనబడే మేడిచెట్టు, అత్తిచెట్టు అన్నా అదే. కొమ్మలకి కాకుండా కాండానికే గుత్తులు గుత్తులుగా కాయలు అంటుకుని ఉంటాయి. సంస్కృతంలో ఉదుంబరం, ఔదుంబరం. దత్తాత్రేయుడు ఉండే చెట్టని మనవాళ్ళ నమ్మకం. పిఠాపురంలో శ్రీపాద శ్రీవల్లభుల సంస్థానంలో ఔదుంబర వృక్షం చుట్టూ ప్రదక్షిణలు చేసే ఆడవాళ్ళు ఎప్పుడు వెళ్ళినా ఉంటారు. నేనూ చేశాను, అమ్మాయి కడుపులో ఉన్నప్పుడు. అంజూర వేరే చెట్టు. పేరే పారసీకం నుంచి వచ్చింది, అక్కడ అంజీర్. తెలుగు బైబిల్లో ఆదాము, హవ్వ ఆకులు కుట్టుకున్నది అంజూరపు చెట్టువే అని మా పక్కింటి మేరీ పిన్నిగారు చెప్పారు. ఆవిడ ఆ పండు చూసింది మాత్రం పెళ్ళయ్యాక కొట్లో, తాడుకి గుచ్చిన దండలోనేనట.

వేరే చెట్లే గానీ అత్తయ్యగారన్నట్టు జాతి ఒకటే. మర్రి, రావి, జువ్వి, మేడి, అంజూర అన్నీ శాస్త్రంలో ఫైకస్ అనే ఒక్క ఇంటిపేరు వాళ్ళే. ఎనభై ఏళ్ళావిడ ఏ పుస్తకమూ చూడకుండా, బిస్కెట్ తిప్పి చూసి ఆ చుట్టరికం పట్టేశారు.

మేడిచెట్టుకి మన గోదావరి జిల్లాతో ఇంకో చుట్టరికం ఉంది. ఇది నాకు ఇన్నేళ్ళూ తెలీదు. సామర్లకోట అంటే మనకి రైలు మారే జంక్షన్, భీమేశ్వరుడి గుడి. 1781 నుంచి 1793 దాకా అక్కడ విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండు డాక్టరు ఉండేవాడు. ఈస్టిండియా కంపెనీ కొలువు. మందులిచ్చే పని ఒకటైతే, ఆయన మనసంతా మొక్కల మీదే. సామర్లకోటలో తోట వేసి మిరియాలు, కాఫీలాంటివి పెంచి చూశాడు. చుట్టుపక్కల అడవుల్లో, గట్ల మీద దొరికిన ప్రతి మొక్కనీ మనవాళ్ళు ఏమని పిలుస్తారో తెలుగు పేరుతో సహా రాసుకున్నాడు. బొమ్మలు ఇక్కడి చిత్రకారుల చేత వేయించాడు. ఆ చిత్రకారుల పేర్లు మాత్రం పుస్తకంలోకి ఎక్కలేదు. ఆ బొమ్మల్లోంచి మూడువందలు ఏరి 1795 నుంచి 1820 వరకు లండన్‌లో మూడు సంపుటాలుగా వేశారు. కోరమండల్ తీరపు మొక్కలు అని దాని పేరు. రెండో సంపుటంలో మన మేడిచెట్టు ఉంది. గుత్తులుగా కాస్తుందని దానికి ఫైకస్ గ్లోమరేటా అని ఆయనే పేరు పెట్టాడు. ఇప్పుడు ఫైకస్ రెసిమోసా అంటున్నారు, దానికీ గుత్తులనే అర్థమట.

అమ్మాయి ఆ బొమ్మ వెతికి ల్యాప్‌టాప్‌లో పెద్దది చేసి చూపించింది. కొమ్మ, ఆకులు, కాయల గుత్తి, పక్కన ఓ కాయని నిలువునా కోసిన బొమ్మ. ఎవరో మన ఊరివాడే, పేరు లేని మనిషి, కాయ కోసి లోపల ఏముందో చూసి మరీ గీశాడు. అత్తయ్యగారి ప్రశ్నకి రెండువందల ఏళ్ళ కిందటే మన జిల్లాలో ఒకాయన కాయ కోసి చూశాడన్నమాట.

కాయ లోపల ఏముందంటే మాత్రం తెలుగువాళ్ళకి రాక్స్‌బర్గ్ కంటే ముందు వేమన గుర్తొస్తాడు. ఆ పద్యం రాని పిల్లలుండరు. బ్రౌన్ దొర వేమన పద్యాలు పోగుచేసి 1829లో అచ్చువేశాడు, ఆయన కొన్నాళ్ళు మన రాజమండ్రిలోనూ ఉద్యోగం చేశాడు. డిగ్రీలో మేం వేమన మీద వ్యాసాలు రాసి రాసి చేతులు నొప్పెట్టించుకున్నాం. పైకి అందం, లోపల పురుగులు, పిరికివాడి బింకం అని అర్థం చెప్పి మార్కులు తెచ్చుకున్నాను. ఆ పురుగు అక్కడికి ఎలా వెళ్ళింది, ఎందుకు వెళ్ళింది అని మేం ఎవ్వరం అడగలేదు. మా పుస్తకాల్లో పురుగంటే కుళ్ళే. ఊళ్ళో ఆ మాటని ఎలా వాడతారో మీకూ తెలుసు. కాస్త ముస్తాబైన ఆడపిల్ల కనిపిస్తే చాలు, మేడిపండు అనేవాళ్ళు. మా మేనత్త ఒకావిడని అలాగే అనడం నా చెవులారా విన్నాను.

అసలు సంగతి ఇదీ. మనం పండనుకునేది నిజానికి పండు కాదు, పూలబుట్ట. లోపలికి తిరిగిన పూలు, వందలకొద్దీ. బయటికి ఒక్క రేకు కూడా కనబడదు. మేడి పువ్వు ఎవరికీ కనపడదనే మాట ఇందుకే పుట్టింది. మరి తుమ్మెద లోపలికి ఎలా వెళ్తుంది? వెళ్ళలేదు. కాయ కింద చిన్న కన్ను ఉంటుంది, అందులో దూరగలిగే ప్రాణి ఒక్కటే. దోమకంటే చిన్న కందిరీగ, అదీ ఆడది. ఎంత ఇరుకంటే దూరేటప్పుడు రెక్కలు ఊడిపోతాయి. లోపల చీకట్లో పువ్వు పువ్వుకీ తిరిగి, తను పుట్టిన కాయ నుంచి తెచ్చిన పుప్పొడి రాస్తుంది. కొన్ని పువ్వుల్లో గుడ్లు పెడుతుంది. మళ్ళీ బయటికి రాదు, అక్కడే చనిపోతుంది. గుడ్లు పెట్టిన పువ్వుల్లో పిల్ల కందిరీగలు, మిగిలినవాటిలో గింజలు. మగవాటికి రెక్కలుండవు, అవి పుట్టిన కాయలోనే తమ బతుకు గడిపి, ఆడవాటికి బయటికి దారి తొలిచి పోతాయి. ఆడవి పుప్పొడి మోసుకుని ఇంకో కాయ వెతుక్కుంటూ ఎగురుతాయి. మేడిపండు విప్పగానే బిలబిలమని పైకి లేచేవి అవే.

మర్రికి ఒక జాతి, రావికి ఒక జాతి, మేడికి ఒక జాతి, దాదాపు చెట్టుకో కందిరీగ చొప్పున ఉన్నాయిట. అవి లేకపోతే మేడిచెట్టుకి గింజే లేదు. పిఠాపురంలో నేను చుట్టూ తిరిగిన చెట్టు కూడా ఉండదు.

అమ్మాయి ఇది చదువుతుంటే నేను వంటింటి గడపలో కూర్చుని బీరకాయలు చెక్కుతున్నాను. చెక్కడం ఆపేశాను. మేం బీఏలో కుళ్ళని రాసిన పురుగు ఈ తల్లి. వేమన చెప్పింది పిరికితనం గురించి, ఆ మాట చక్కగానే ఉంది, ఆయనతో నాకు పేచీ లేదు. మా మేనత్తతోనే ఉంది.

సరే, అత్తయ్యగారి ప్రశ్నకి సగం జవాబు దొరికింది, అదీ ఆవిడ అనుమానమే నిజమని. మేడిలో ఉంటాయి. మరి అంజూరలో?

ఇక్కడ కథ కాస్త మెలిక తిరుగుతుంది. అంజూరలో ఆడచెట్టు వేరు, మగచెట్టు వేరు. కందిరీగ పుట్టి పెరిగేది మగచెట్టు కాయల్లో, అవి మనం తినం. మనం తినేది ఆడచెట్టు పండు. దాంట్లోకీ కందిరీగ దూరుతుంది, కానీ అక్కడి పువ్వుల్లో దానికి గుడ్డు పెట్టడం సాధ్యం కాదు. పుప్పొడి రాసి, ఊరికే చనిపోతుంది. ఆ పండులోని రసాలు దాన్ని కరిగించేస్తాయి. అంటే పండు కోస్తే పురుగు కనబడదు, కానీ దూరలేదని చెప్పడానికి లేదు. టర్కీలో స్మిర్నా రేవు నుంచి వచ్చే పేరున్న ఎండు అంజూర అంతా ఇలాంటిదే.

దీని మీద కాలిఫోర్నియా రైతులు పడ్డ పాట్లు చదివితే నవ్వొచ్చింది. 1880లలో వాళ్ళు స్మిర్నా కొమ్మలు తెప్పించి పాతారు. చెట్లు ఏపుగా పెరిగాయి, కాయలు వేలెడు కాకుండానే రాలిపోయాయి. పనికిరాని కొమ్మలు అంటగట్టి మోసం చేశారని తిట్టుకున్నారు. అక్కడి రైతులు అడవి అంజూర కాయల్ని దండ గుచ్చి తోటలో వేలాడదీస్తారు, ఆ కాయల్లోని పురుగుల వల్లే పండు నిలుస్తుంది అని ఎవరైనా చెబితే చాదస్తమని కొట్టిపడేశారు. చివరికి ఫ్రెస్నోలో జార్జ్ రోడింగ్ అనే తోటల ఆసామి చేత్తో పుప్పొడి వేసి చూస్తే కాయ నిలిచింది. 1899లో కందిరీగలు అక్కడి తోటల్లో నిలదొక్కుకున్నాయి, పంట పండింది. పల్లెటూరి వాళ్ళ చాదస్తమే శాస్త్రమని తేలడానికి ఇరవై ఏళ్ళు పట్టింది.

అయితే కందిరీగ అక్కర్లేకుండా కాసే అంజూర కూడా ఉంది. ఒక్కోసారి ప్రకృతిలో అలాంటి చెట్టు పుడుతుంది, పండు తయారవుతుంది కానీ లోపలి గింజ గుల్ల. మొలవదు. మనిషి కొమ్మ విరిచి నాటితే తప్ప ఆ చెట్టుకి వంశం లేదు. జోర్డాన్ నది లోయలో గిల్గాల్ అనే చోట పాతరాతి ఇంట్లో మాడి బొగ్గైన అంజూర పళ్ళు దొరికాయి, తొమ్మిది చిన్నవి. 11,400 ఏళ్ళ నాటివి. అవి ఇలా కందిరీగ లేకుండా కాసిన రకమేననీ, అంటే అప్పటికే ఎవరో కొమ్మలు నాటి పెంచారనీ పరిశోధకులు 2006లో ప్రకటించారు. వరి, గోధుమ పండించడం కంటే ముందే కావచ్చునన్నారు. దీని మీద వాళ్ళలో వాళ్ళకి వాదాలున్నాయనుకోండి. నాకు మాత్రం ఆ కొమ్మ విరిచి గుమ్మం ముందు గుచ్చింది ఓ ఆడమనిషే అనిపిస్తుంది. మనం గులాబీ కొమ్మ ఎక్కడ కనబడినా విరుచుకొచ్చి పెరట్లో గుచ్చమూ!

మన దేశంలో పేరుపడ్డ పూణే అంజూర ఈ రకమే. పూణే పక్కన పురందర్ తాలూకాలో తోటలు, 2016లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అక్కడి నుంచి అంట్లు దేశమంతా తిరిగాయి. మన కడియం నర్సరీలకీ వచ్చాయి. నాలుగేళ్ళ కిందట కడియపులంకలో పూలమొక్కల కోసం వెళ్ళి, ఊరికే ముచ్చటపడి ఓ అంజూర మొక్క తెచ్చి పెరట్లో వేశాను. మన గాలిలో తేమకి అది అంత సుఖంగా లేదు. వానల్లో కాయ పగిలిపోతుంది, పండినవి కాకులు వదలవు. కానీ వేసవిలో పదో పరకో దక్కుతాయి. దాని చుట్టుపక్కల ఎక్కడా మగచెట్టు లేదు, ఆ కందిరీగ లేదు. అయినా కాస్తోంది. అంటే ఇంక వేరే సాక్ష్యం ఎందుకు?

బజారులో ఎండు అంజూర దండలు మనకి ఎక్కువగా ఆఫ్ఘనిస్థాన్ నుంచి వస్తాయి. టాగూర్ కాబూలీవాలా కథ 1892 నాటిది, అప్పటికే ఆ పఠాన్లు ఎండుపళ్ళ మూటలు భుజాన వేసుకుని వీధుల్లో తిరిగేవారు. మెయిన్ రోడ్డులో మేం ఎప్పుడూ కొనే కొట్టతన్ని ఇది ఏ రకం చెట్టు కాయ బాబూ అని అడిగాను. "ఫస్ట్ క్వాలిటీ అమ్మా" అన్నాడు. అంతకంటే అతనేం చెబుతాడు పాపం.

ఆ కాబూలీవాలా కథ కంటే ఒక్క ఏడాది ముందు, 1891లో, అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో కెన్నెడీ అనే బిస్కెట్ కంపెనీ ఈ అంజూర బార్లు చేయడం మొదలుపెట్టింది. వాళ్ళు తమ బిస్కెట్లకి బోస్టన్ చుట్టుపక్కల ఊళ్ళ పేర్లు పెట్టేవారట, అలా దీనికి న్యూటన్ ఊరి పేరు వచ్చింది. ఐజాక్ న్యూటన్‌కీ దీనికీ ఏ సంబంధమూ లేదు, మా ఆయన ఇప్పటికీ నమ్మడం లేదు. పండు కూరి చేసే రొట్టెచుట్టలు ఇళ్ళలో అంతకు ముందే ఉన్నాయి. జేమ్స్ హెన్రీ మిచెల్ అనే ఆయన గొట్టంలో గొట్టం పెట్టి ఓ యంత్రం తయారుచేశాడు. బయటి గొట్టంలోంచి పిండి, లోపలి గొట్టంలోంచి పండు ముద్ద ఒకేసారి పొడుగ్గా దిగుతాయి. ముక్కలుగా కోస్తే సరి. కిందటి శతాబ్దమంతా ఫిగ్ న్యూటన్ అన్నారు, 2012లో ఫిగ్ మాట తీసేసి ఒట్టి న్యూటన్స్ చేశారు. ఎండు అంజూర అంటే ముసలివాళ్ళ తిండి అనుకుంటున్నారనిట!

యంత్రం చేసినాయన పేరు నూట ముప్ఫై ఏళ్ళుగా పుస్తకాల్లో ఉంది. మన ఆత్రేయపురంలో కుండ బోర్లించి, మంట మీద పలచటి పూతరేకు తీసే పద్ధతి కనిపెట్టిన ఆవిడ ఎవరు? 2023లో పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆవిడ పేరు మాత్రం రాలేదు. సామర్లకోట చిత్రకారుడి పక్కన ఈవిడని కూడా కూర్చోబెట్టాను నా మనసులో.

ఆ మాటకొస్తే పండుతో బార్ చేయడం మనకి కొత్తా? మామిడి తాండ్ర ఏమిటి మరి? రసం తీసి, బెల్లం కలిపి, ఎండలో చాప మీద పొర మీద పొర పోస్తూ రోజులు తరబడి కాపలా కాసి, ముక్కలు కోసుకుంటాం. తాటి తాండ్ర ఇంకోటి. ఓవెన్ కూడా అంత కొత్త కాదు. మా అమ్మమ్మ దిబ్బరొట్టెకి కుంపటి మీద గిన్నె పెట్టి, మూత మీద కూడా నిప్పులు పోసేది. కిందా పైనా సెగ. నా కరెంటు ఓవెన్ చేసే పనీ అదే.

ఇక చేసిన తీరు చెబుతాను. చెట్టుకి ఆ రోజు పండినవి లెక్కపెడితే తొమ్మిది. గిల్గాల్ వాళ్ళ లెక్కే! తొమ్మిదితో పెద్ద పళ్ళెం నిండదు, అందుకని అత్తయ్యగారి కోసం చిన్న బ్రెడ్డు గిన్నె. మిగతావాళ్ళకి ఎండు అంజూరతో పెద్ద పళ్ళెం వేరే. రెండూ కలవకుండా గరిటెలు కూడా వేరు పెట్టాను.

చిన్న గిన్నెకి అరకప్పు గోధుమపిండి, అరకప్పు మైదా, చిటికెడు ఉప్పు, పావు చెంచా బేకింగ్ పౌడర్, రెండు ఏలకులు, పావు కప్పుకి కొంచెం పైన బెల్లం పొడి. బెల్లం అంటే గుర్తొచ్చింది, రాక్స్‌బర్గ్ మన చెరకు మీద కూడా రాశాడు. ఏలేరు ఒడ్డున పెద్దాపురం, పిఠాపురం జమీందారీల్లో చెరకు ఎలా వేస్తారో, ఎలా ఆడతారో, బెల్లం ఎలా వండుతారో అంతా. కాబట్టి ఇందులో పంచదార వేయబుద్ధి కాలేదు. గట్టిగా చల్లబడ్డ వెన్న ఆరు చెంచాలు వేసి వేళ్ళ కొసలతో నలపాలి. అరచేతులతో కాదు, వేడికి వెన్న కరిగిపోతుంది. సున్నుండల పిండి చూస్తామే, పిడికిట పడితే ముద్దవ్వాలి, వదిలితే రాలిపోవాలి, అదే పదును. ఈ పైన చల్లే పొడిని జర్మన్లు స్ట్రాయిజెల్ అంటారు, చల్లేది అనే అర్థం. మన భాషలో అయితే పిట్టులా అంటే సరిపోతుంది.

పళ్ళు చిదిపి, రెండు చెంచాల బెల్లం, అర నిమ్మచెక్క రసం, కాస్త శొంఠిపొడి వేసి గరిటెకి అంటుకునేదాకా ఉడికించాను. తాండ్ర రసం దగ్గరపడ్డట్టే వాసన. పిండిలో మూడింట రెండు వంతులు గిన్నె అడుగున నొక్కి, పైన పండు ముద్ద పరిచి, మిగతా పిండి పొడిపొడిగా జల్లి, 180 డిగ్రీల్లో అరగంట. ఎండు అంజూరైతే గంట సేపు వేడినీళ్ళలో నానబెట్టి రుబ్బుకోవాలి. పూర్తిగా చల్లారాకే కొయ్యండి. నేను మొదటిసారి వేడిమీద కోసి అంతా ఉప్మా చేసుకున్నాను.

చేయడానికి ముందురోజే అత్తయ్యగారి దగ్గర కూర్చుని అంతా చెప్పాను. మేడిలో ఉంటాయండీ అన్నాను. అంజూరలో కొన్ని రకాలకి ఉంటాయి, కొన్నిటికి ఉండవు, కొట్లో కొన్నది ఏ రకమో నేను ప్రమాణం చేయలేను, పెరట్లోది మాత్రం ఉండదు అన్నాను. కందిరీగ రెక్కలు ఊడిపోవడం దగ్గర ఆవిడ ఆపి మళ్ళీ చెప్పమన్నారు.

"అయితే ఆ తల్లి లోపలికెళ్ళడమే గానీ రావడం లేదన్నమాట."

"లేదండీ."

"గుడ్లైనా పెట్టుకోలేదా, ఆ రెండోదాంట్లో?"

"పెట్టుకోలేదండీ."

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మన చెట్టు చూద్దాం పద" అని లేచారు. పెరట్లోకి వచ్చి ఓ పండు కోసి, గోటితో చీల్చి, కళ్ళద్దాలు పైకి జరుపుకుని ఎండలో పట్టి చూశారు. ఏమీ అనలేదు. ఆ పండు గట్టు మీద పెట్టి లోపలికి వెళ్ళి, పొద్దున తను చిలికి తీసిన వెన్న గిన్నె తెచ్చి నా ముందు పెట్టారు. "బజారు వెన్న వద్దు" అన్నారు.

మర్నాడు సాయంత్రం చిన్న గిన్నెలోంచి ఓ ముక్క చిన్న పళ్ళెంలో పెట్టి ఇచ్చాను. అమ్మాయి ఫోన్ తీసి ఫొటో తియ్యబోతే వద్దని సైగ చేశాను. అత్తయ్యగారు ముక్కని మధ్యకి విరిచి కిటికీ వెలుగులో చూశారు.

"గింజలేనా?"

"గింజలేనండీ. గుల్ల గింజలు."

తిన్నారు. చేతి మీద రాలిన పొడి కూడా నోట్లో వేసుకున్నారు.

"బెల్లం ఎక్కువేశావు. ఈసారి తగ్గించు" అన్నారు.